మొదటి సంరక్షకుడు

వాన పడితే చాలు, రిజిస్ట్రేషన్ గదిలో ఫోన్లు గోల మొదలెడతాయి. బస్సు ఎక్కడిదాకా వచ్చింది, మా సందు మొదట్లో ఆపుతాడా పైకి వస్తాడా, డ్రైవరు మారాడట నిజమేనా అని అమ్మాన్ కొండల మీదున్న తల్లులందరికీ ఒక్కసారే అనుమానాలు పుడతాయి. శుక్ర, శనివారాల సెలవు ముగిసి రెండో టర్ము మొదలైన ఆదివారం పొద్దున్న ఇంతిసార్ ఒక చెవికి ఒక ఫోను, రెండో చెవికి ఇంకోటి ఆనించుకుని, మరమియ్య ఆకులేసిన టీ తన కళ్లముందే చల్లారిపోతుంటే చూస్తూ కూర్చుంది.

హెడ్‌మిస్ట్రెస్ మైసూన్‌ని అందరూ గౌరవంగా సిత్ మైసూన్ అంటారు. ఆవిడ గుమ్మంలో నిలబడి కాసేపు ఆ తమాషా చూసింది. ఎన్నాళ్లిలా గొంతు చించుకుంటావు, బస్సు సంగతులన్నీ వాళ్ల ఫోన్లలో వాళ్లకే కనపడేలా ఒక పేజీ చేసి పడెయ్యి, మన ప్రాణం హాయిగా ఉంటుంది అని చెప్పి, తడిసిన గొడుగు దులుపుకుంటూ తన గదిలోకి వెళ్లిపోయింది.

చెప్పడానికేం, నోటితో పని. చేసేది ఇంతిసార్. స్కూల్లో చదివే ప్రతి పిల్ల గురించీ ఆ సాఫ్ట్‌వేర్ లోపల సమస్తం ఉంటుంది. టీకాలు, మార్కులు, ఏం తింటే ఒళ్లు దద్దుర్లెక్కుతుందో, తండ్రి ఏం పని చేస్తాడో, ఇల్లు ఎక్కడో. అంతా అందరికీ తెరిచి పెట్టలేరు కదా. ఎవరికి ఎంత కావాలో అంతే కనపడేలా ఒక కిటికీ కొయ్యాలి. ఆఫీసులో దాన్ని వ్యూ అంటారు. నర్సుకి ఒక వ్యూ, టీచర్లకి ఒకటి, క్యాంటీన్‌కి ఒకటి. ఆ కిటికీలన్నీ ఇంతిసార్ కోసినవే. ఈ పనిలో ఆమెకి చెయ్యి తిరిగింది, కాస్త గర్వం కూడా ఉండేది. ఉండకూడదని ఎవరంటారు?

ఆ రోజు ఫోన్లు పక్కన పడేసి కూర్చుంది. ఖాళీ వ్యూ తెరిచి, ఎడమవైపున్న వరసలోంచి ఒక్కో గడినీ మౌస్‌తో లాక్కొచ్చి పెట్టింది. బస్సు నంబరు, డ్రైవరు ఫోను, వచ్చే వేళ. చివరగా ఇల్లు. అక్కడ కాస్త ఆలోచించింది. ఇంటి గుర్తు రెండు చోట్ల ఉంటుంది. చేరినప్పుడు రాసుకున్న అసలు కార్డులో ఒకటి, బస్సు డ్రైవర్ల కోసం రాసుకునే గడిలో ఇంకొకటి. జనం అద్దె ఇళ్లు మారతారు గానీ ఆఫీసుకొచ్చి చెప్పి చావరు. డ్రైవరుకి మాత్రం చెప్తారు. అందుకని తాజాగా ఉండేది బస్సు గడే. దాన్నే లాగి పెట్టింది. తెలివైన పనే అనుకుంది.

ఇక ఎవరు చూడాలి అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. చెయ్యి దానంతటదే వెళ్లి 'మొదటి సంరక్షకుడు' అన్న మాట మీద నొక్కింది. మొదటి సంరక్షకుడంటే తండ్రి. కుటుంబం పుస్తకం తండ్రి పేరున ఉంటుంది, ఫారంలో మొదటి గీత తండ్రిది, తల్లి రెండో గీత. ఇందులో ఆలోచించడానికేముందని ఎవరూ ఆలోచించరు. ఇంతిసార్ కూడా ఆలోచించలేదు.

వ్యూ చేశాక సరిచూసుకోవడం ఆమెకి అలవాటు. తన కొడుకు అయ్‌హమ్ అక్కడే చదువుతున్నాడు కాబట్టి, ప్రతిసారీ తన భర్త ఫవ్వాజ్ పేరు మీద లోపలికెళ్లి చూస్తుంది. బస్సు సరిగ్గా ఉంది. డ్రైవరు సరిగ్గా ఉన్నాడు. ఇల్లు: హాష్మీ, పెద్ద మసీదు వెనక సందు, తైసీర్ మందుల షాపు పైన. అంతా భేషుగ్గా ఉంది. ఒక కప్పు కింద కాపురముండే మొగుడూ పెళ్లాలకి తప్పు కనపడేది ఎక్కడ? విడుదల చేసింది. మధ్యాహ్నానికి ఫోన్లు నోరు మూసుకున్నాయి. సిత్ మైసూన్ ఒక పళ్లెం నిండా హరీసా మిఠాయి ముక్కలు పంపించింది. అందరూ ఇంతిసార్‌కి దండం పెట్టి తిన్నారు.

మంగళవారం పొద్దున్న ఒకాయన ఫోన్ చేసి, మీ పేజీలో మా ఇల్లు ఎప్పుడో ఖాళీ చేసిన ఇల్లు చూపిస్తోంది, నిద్రపోతున్నారా అని నిలదీశాడు. ఇంతిసార్ ఆయన్ని బుజ్జగించి, వ్యూ మొత్తం తెరిచి, తరగతివారీగా పేర్ల వెంట కిందికి దిగుతోంది. నాలుగో తరగతి దగ్గర ఒక పేరు మీద వేలు ఆగిపోయింది.

జుమానా. చూసేవారు: తండ్రి, నాయిఫ్. ఇల్లు: జబల్ అల్-నసర్, మెట్ల దారి, రొట్టెల బట్టీ పక్కన, నీలం తలుపు.

ఇంతిసార్‌కి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మళ్లీ చదివాక అర్థమైంది. అవతల ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె ఫోను మెల్లగా బల్ల మీద బోర్లించింది.

ఆ నీలం తలుపు సంగతి ఆమెకి జుమానా తల్లి హనాదీ చెప్పింది. ఇదే కౌంటరు దగ్గర, ఎడమ చెయ్యి కోటు చేతిలోంచి బయటికి తియ్యకుండా నిలబడి, కాగితం మీద రాయమంటే రాయనని, వంగి చెవిలో చెప్పింది. "బస్సు కోసమే అక్కా. మీకొక్కరికే చెప్తున్నా" అంది. నాయిఫ్ ఆమెని స్కూలు గేటు ముందు బస్సుల మధ్య జుట్టు పట్టుకుని ఈడ్చిన రోజు ఆఫీసులో అందరూ చూశారు. పిల్ల తల్లి దగ్గరే ఉండాలని కోర్టు చెప్పింది గానీ, తల్లి ఎక్కడుండాలో కోర్టు చెప్పలేదు. అందుకే ఇంతిసార్ ఆ గుర్తుని అసలు కార్డులో ఎక్కించలేదు. డ్రైవరు తప్ప ఇంకెవరూ చూడని బస్సు గడిలో దాచింది. "నేను దాస్తాలే, నువ్వు నిశ్చింతగా పో" అని మాట కూడా ఇచ్చింది.

దాచిన చోటికే కిటికీ కోసింది తనే. ఆ కిటికీ ముందు కుర్చీ వేసి నాయిఫ్‌ని కూర్చోబెట్టిందీ తనే.

నాయిఫ్ పేరు నొక్కి, ఎప్పుడు లోపలికొచ్చాడో చూసింది. ఇంతవరకూ ఎప్పుడూ రాలేదని ఉంది. కూతురి మార్కులు కూడా ఏనాడూ తెరిచి చూసిన మనిషి కాదు. ఇంతిసార్ కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టుకుంది. తర్వాత లేచి సిత్ మైసూన్ గదిలోకి వెళ్లి, తలుపు వేసి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

సిత్ మైసూన్ చెడ్డ మనిషి కాదు. భయస్తురాలు. విన్నంతసేపూ బల్ల మీద కాగితాలు సర్దుతూ ఉంది, సర్దినవే మళ్లీ సర్దింది. ఆఖరికి అంది, అతను తండ్రి, మొదటి సంరక్షకుడు, రేపు వచ్చి నిలబడి నా కూతురు ఎక్కడుంటోందని అడిగితే చెప్పం అనే హక్కు మనకి లేదు, అలాంటప్పుడు మన తప్పేముంది అని. పేజీ తీసెయ్యమంది. తల్లికి మాత్రం ఒక్క మాట కూడా చెప్పొద్దంది.

"ఆవిడ ప్రాణానికి ముప్పు కదండీ" అంది ఇంతిసార్.

"చెప్తే ఏమవుతుంది? స్కూలే అతనికి ఇల్లు చూపించిందని ఫిర్యాదు కాగితం పెడుతుంది. కాగితం పెడితే మంత్రిత్వ శాఖ నుంచి మనుషులొస్తారు. వాళ్లు ముందు ఎవర్ని అడుగుతారనుకున్నావ్? నన్ను కాదు. కోసింది ఎవరో వాళ్లని" అంది సిత్ మైసూన్. అని, తన మాటకి తనే సిగ్గుపడినట్టు కిటికీవైపు తిరిగింది.

ఇంతిసార్ వచ్చి కూర్చుంది. జుమానా ఒక్కదాన్నే వ్యూలోంచి తప్పించి ఉంటే సరిపోయేది. ఆ తాపీ ఆమెలో ఎక్కడుంది? ఆ పేజీ ఉన్నంతసేపూ నీలం తలుపు వీధిలోకి తెరిచినట్టే అనిపించింది. మొత్తం వ్యూని మూసెయ్యాలని నొక్కింది. నొక్కాక చూసింది, కింద మూలన చిన్న గడిలో టిక్కు. 'సంరక్షకులకు తెలియజేయి'. ఆదివారం పేజీ విడుదల చేసినప్పుడు పెట్టిన టిక్కు. తియ్యడం మర్చిపోయింది.

తెర మీద పచ్చగీత ఎడమనుంచి కుడికి పాకింది. స్కూల్లో ఉన్న ప్రతి తండ్రి ఫోనుకీ సందేశం వెళ్లిపోయింది. మీ పిల్లల బస్సు, నివాసం వివరాల్లో మార్పు జరిగింది, లోపలికి వచ్చి చూసుకోండి. దాన్ని వెనక్కి పిలిచే మీట ఎక్కడా లేదు. ఆమె తెలిసిన మీటలన్నీ నొక్కింది. పక్క బల్ల మీద రుబా, ఏంటక్కా ముఖం అలా పాలిపోయింది, రాత్రి తిన్నది అరగలేదా అని నవ్వింది.  అప్పటికే ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి, ఏం మారింది, ఏం మారింది అని.

ఏనాడూ స్కూలు పేజీ తెరవని మనిషిని చెయ్యి పట్టుకుని పిలిచినట్టయింది.

హనాదీ కుట్టుపని ఫ్యాక్టరీలో చేస్తుంది. అక్కడ గేటు దగ్గరే ఫోన్లు తీసుకుంటారు. సాయంత్రం దాకా ఇంతిసార్ ఎన్నిసార్లు చేసినా అవతల మోగుతూనే ఉంది. పేజీ తీసేసింది కదా, ఇక అతనికి ఏమీ కనపడదు కదా అని తనకి తనే నచ్చజెప్పుకుంటూ ఇంటికి నడిచింది. నచ్చజెప్పుకున్నదల్లా సందు మలుపు తిరిగేసరికి కరిగిపోయేది. మందుల షాపు మెట్ల మీద ఉండగా హనాదీ ఫోను ఎత్తింది. సిత్ మైసూన్ వద్దన్న మాట ఇంతిసార్ అక్కడే, వానలో, పూస గుచ్చినట్టు చెప్పేసింది.

 కుట్టుమిషన్లు ఆగిన ఫ్యాక్టరీలోంచి ఆడవాళ్లు బయటికొస్తూ పోట్లాడుకునే గొంతులు అవతల వినిపించాయి.

"మీకొక్కరికే చెప్పాను" అంది హనాదీ. అరవలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది ఇంతిసార్‌కి.

దూరాన కరక్ ఊళ్లో మేనత్త ఉందట. శుక్రవారం తమ్ముడు బండి తెస్తే అక్కడికి పోతానంది. అప్పటిదాకా పిల్లని స్కూలుకి పంపనంది. శుక్రవారం దాకా ఆ తలుపు వెనకే ఉండాలి, ఇంకో చోటు లేదంది. ఫోను పెట్టేసింది.

ఆ రాత్రి ఇంతిసార్‌కి కునుకు లేదు. భర్తకి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచింది. ఫవ్వాజ్ రోజంతా టైర్లు విప్పీ బిగించీ నడుము పట్టేసి, వేడినీళ్ల సీసా వీపు కింద పెట్టుకుని మూలుగుతున్నాడు. పొద్దున్నే చెప్తాలే అనుకుంది. పొద్దున్న బస్సు వచ్చేసింది.

బుధవారం రెండో గంట కొట్టాక నాయిఫ్ వచ్చాడు.

ఇస్త్రీ చొక్కా, తడి అంటని బూట్లు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఆ రోజు గేటు దగ్గర జరిగింది చూసిన రుబా కూడా లేచి కుర్చీ వేసింది. కూర్చోలేదు. ఫోనులో సందేశం చూపించి, "అక్కా, నివాసం మారిందని వచ్చింది. తెరిస్తే ఏమీ లేదు. నా కూతురు ఎక్కడుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి చెప్పండి" అన్నాడు.

యంత్రం పొరపాటున పంపిందని ఇంతిసార్ చెప్పింది. అలాగా అన్నాడు. చూసి చెప్పండి మరి అన్నాడు. సిస్టమ్ మొరాయిస్తోందని చెప్పింది. ఫరవాలేదు, ఆగుతానన్నాడు. కౌంటరు మీద వేళ్లతో మెల్లగా తాళం వేస్తూ నిలబడ్డాడు. 

మాటలు విని సిత్ మైసూన్ బయటికొచ్చింది. అతని గుర్తింపు కార్డు తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. ఇంకేం చేస్తుంది, "ఆయన హక్కు అది. చూపించు సిత్ ఇంతిసార్" అంది. 

ఇంతిసార్ తెర ముందు కూర్చుంది. అసలు కార్డు తెరిస్తే, కోర్టుకి ముందున్న పాత ఇల్లు వస్తుంది. అది అతనిదే. అది చూపిస్తే నవ్వుతాడు, మార్పు జరిగిందన్న మాట వాళ్ల సందేశంలోనే ఉంది. బస్సు గడి తెరిస్తే నీలం తలుపు. మూడో దారి లేదు. ఒక్క నిమిషం అంది. ఖాళీ వ్యూ ఒకటి తెరిచింది.

 బుర్ర పనిచెయ్యలేదు, చేతులు పనిచేశాయి. జుమానా పేరు పెట్టింది. పిల్ల వివరాల్లో 'అత్యవసరమైతే పిలవాల్సిన మనిషి' అన్న చోటు ఖాళీగా ఉంది. అక్కడ తన పేరు టైపు కొట్టింది. దాని కింద తన ఇంటి గుర్తు కొట్టింది. వ్యూలో ఇల్లు అన్న గడిని బస్సు గడి నుంచి విడదీసి, ఈ మనిషి ఇంటికి తగిలించింది. పేరు కనపడకుండా తీసేసింది. తండ్రి పేరు మీద ఒకసారి లోపలికెళ్లి, ఎలా కనపడుతోందో చూసుకుంది. అంత భయంలో కూడా సరిచూసుకోవడం మానలేదు, అదీ అలవాటంటే. తర్వాత తెరని అతనివైపు తిప్పింది.

హాష్మీ, పెద్ద మసీదు వెనక సందు, తైసీర్ మందుల షాపు పైన.

నాయిఫ్ వంగి చదివాడు. పెదాలు కదిపి రెండోసారి చదివాడు. ఫోనుతో ఫోటో తీసుకున్నాడు.

సిత్ మైసూన్ కూడా చదివింది. మొన్న వేసవిలో ఇంతిసార్ అత్తగారు పోయినప్పుడు ఆమె ఆ మందుల షాపు పక్క మెట్లెక్కి వచ్చి, ఆ ఇంట్లో పొద్దుగూకే దాకా కూర్చుంది. కళ్లజోడు తీసి తలగుడ్డ కొంగుతో తుడిచింది. తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఇంక ఆయనకి కావాల్సింది దొరికినట్టే" అంది. ఇంతిసార్ వైపు చూడకుండా తన గదిలోకి వెళ్లిపోయింది.

గురువారం అంతా ఇంతిసార్ చెవులు మెట్ల మీదే ఉన్నాయి. ఫవ్వాజ్‌కి పొద్దున చెప్పబోయింది, షాపు నుంచి ఎవరో పిలిస్తే పరిగెత్తాడు. మధ్యాహ్నం చెబుదామంటే భోజనానికి రాలేదు. నిజం చెప్పాలంటే చెప్పడానికి ధైర్యం చాలలేదు. తెలియని మనిషికి మన ఇంటి గుర్తిచ్చానని ఏ మొగుడికి ఎలా చెప్పాలి? సూర్యుడు కుంగాక, ఫవ్వాజ్ నమాజు ముగించి చాప చుడుతుంటే గంట మోగింది.

ఫవ్వాజే తలుపు తీశాడు. ముగ్గురు మగవాళ్లు. ముందు తెల్లగడ్డం పెద్దాయన, తలమీద ఎర్రగళ్ల గుడ్డ, చేతిలో జపమాల. ఆయన వెనక ఇంకో పెద్దమనిషి. వాళ్ల వెనక నాయిఫ్. ముక్కూ మొహం తెలియని ఇంట్లోకి ఒంటరిగా జొరబడితే ఏమవుతుందో నాయిఫ్‌కి తెలుసు. అందుకే తన పెదనాన్న హాజ్ ముత్లక్‌ని ముందు నిలబెట్టుకుని వచ్చాడు. ఫవ్వాజ్ వాళ్లెవరని అడగలేదు. గడపలోకి వచ్చినవాళ్లని అలా అడగడం మర్యాద కాదు. లోపలికి పిలిచి, పెద్ద పరుపుల మీద కూర్చోబెట్టి, కాఫీ పెట్టమని వంటింటివైపు కేకేశాడు.

ఇంతిసార్ ఏలకులు దంచింది. పాలు లేని చేదు కాఫీ ఎలా కాచిందో ఆమెకే తెలియదు. తలుపు సందులోంచి పళ్లెం అందించింది. ఫవ్వాజ్ అందుకుని కప్పుల్లో పోశాడు. హాజ్ ముత్లక్ కప్పు అందుకున్నాడు. తాగలేదు. తన ముందు నేలమీద పెట్టాడు. రెండో పెద్దాయనా పెట్టాడు. నాయిఫ్ కూడా పెట్టాడు.

అడగడానికి వచ్చినవాళ్లు కప్పు కింద పెట్టారంటే, కోరింది ఇస్తానని ఇంటాయన అనేదాకా ముట్టరు. ఇంతిసార్ తలుపుకి ఇంకా దగ్గరగా జరిగింది. ఫవ్వాజ్ సంగతి వాడంతటికీ తెలుసు. కప్పు నేల తాకిందో లేదో, తాగండి తాగండి, మీరు అడగబోయేది ఇచ్చేశాను అనేస్తాడు. అడిగేది ఏంటో వినడు. అలా ఒకసారి కొత్త జాకీ పోగొట్టుకున్నాడు, ఇంకోసారి మరదలి పెళ్లికి కారిచ్చి, దానికి డ్రైవరుగా కూడా తనే వెళ్లాడు. ఇప్పుడు ఆయన పెదాలు విచ్చుకోవడం తలుపు సందులోంచి కనపడుతోంది.

ఆమె తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది.

మగవాళ్లు కూర్చున్న గదిలోకి ఇంటి ఆడమనిషి అలా వస్తే నిలబడాలో తలొంచుకోవాలో ఎవరికీ తెలియలేదు. పెద్దవాళ్లిద్దరూ నేలచూపు చూశారు. నాయిఫ్ మాత్రం ఆమె మొహంలోకి చూశాడు. చూసి, మెల్లగా లేచాడు.

"ఈవిడ స్కూలావిడ" అన్నాడు. నిన్నటి మెత్తదనం ఎటుపోయిందో పోయింది. "పెదనాన్నా, నాకు తెరమీద చూపించింది ఈవిడే. తన కొంపే చూపించింది. నన్ను వెర్రివాణ్ణి చేసింది."

ఫవ్వాజ్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. భార్యవైపు చూశాడు. ఏంటిది అని కళ్లతోనే అడిగాడు.

"కూర్చో" అన్నాడు హాజ్ ముత్లక్ నాయిఫ్‌తో. అతను కూర్చోలేదు. పెద్దాయన జపమాల చేతిలో ముడిచి పట్టుకుని, ఎటూ చూడకుండా అడిగాడు. "అమ్మా, మా పిల్ల జుమానా, దాని తల్లి ఈ ఇంట్లో ఉన్నారని వచ్చాం. పిల్లని అడగడానికి వచ్చాం. ఉన్నారా, లేరా? ఆ ఒక్క మాట చెప్పు."

లేరంటే నాయిఫ్ ఈ రాత్రే స్కూలు డ్రైవర్లని ఒక్కొక్కణ్ణీ పట్టుకుని వెతుకుతాడు. శుక్రవారం ఇంకా రాలేదు. ఇంతిసార్ ద్వారబంధం పట్టుకుంది. భయం పోలేదు. భయంతోనే మాట్లాడింది.

"ఉన్నారు హాజ్. తల్లీ పిల్లా ఇద్దరూ నా కొంగు పట్టుకున్నారు. వాళ్లు నా గడప లోపలి మనుషులు. వాళ్ల మీద చెయ్యి పడితే ముందు నా మీద పడ్డట్టే."

 అన్న మాట ఎంత పెద్దదో అన్నాకే ఆమెకి తెలిసింది. శరణిచ్చిన మాట అక్కడ ఆమె ఒక్కదానిది కాదు. ఫవ్వాజ్‌ది, ఫవ్వాజ్ అన్నదమ్ములది, వాళ్ల పిల్లలది. ఆయనని అడగకుండా ఆయన తలమీద పెట్టేసింది. ఆయన ఇప్పుడు, ఎవరమ్మా వాళ్లు, నాకు తెలియదే అంటే అంతా అక్కడితో సరి. నిజం కూడా అదే. అనడానికి ఆయనకి అన్ని హక్కులూ ఉన్నాయి.

ఫవ్వాజ్ ఆమెని చాలాసేపు చూశాడు. ద్వారబంధాన్ని వదలని ఆమె చెయ్యి చూశాడు. తర్వాత నాయిఫ్‌ని చూశాడు, నుంచున్న తీరునీ బిగిసిన పిడికిళ్లనీ. నడుము పట్టుకుని కష్టంగా సర్దుకుని కూర్చుని, హాజ్ ముత్లక్ వైపు తిరిగాడు.

"విన్నారుగా హాజ్. మా ఇంటావిడ ఇచ్చిన మాట నేనిచ్చినట్టే. ఇంకేదైనా అడగండి, ఇస్తా. నా గడప లోపలున్న మనుషుల్ని మాత్రం అడక్కండి" అన్నాడు.

నాయిఫ్ ఒక అడుగు ముందుకేశాడు. హాజ్ ముత్లక్ తల ఎత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎక్కడున్నావో తెలుసా?" అని మాత్రం అన్నాడు.  వాళ్లకి ఇక్కడ నీడ దొరికిందంటే, వాళ్లకి ఆ నీడ అవసరం పడిందన్న సంగతి ఆయన నోటితో అనలేదు. కొడుకు వరస వాడి వంక ఒక్కసారి చూశాడు, అంతే. కప్పు అందుకుని చల్లారిపోయిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు. అడగడానికి వచ్చింది అడగనని దానర్థం. పక్కనున్న పెద్దాయనా తాగాడు. ఇక మాటలేమైనా ఉంటే కోర్టులోనో, పెద్దల మధ్యనో అని, ఆ లోపల మా వాడు మీ వీధిలో కనపడితే నాకు చెప్పు అని ఫవ్వాజ్ భుజం తట్టి లేచాడు. నాయిఫ్ తాగలేదు. కప్పు దాటుకుని వెళ్లిపోయాడు. మెట్ల మీద అతని అడుగులు పెద్దవాళ్ల అడుగుల కంటే ముందు దిగిపోయాయి.

ఫవ్వాజ్ తలుపు గడియ పెట్టి, మళ్లీ ఒకసారి సరిచూసి, వచ్చి పరుపు మీద కూలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు. ఎవరు వీళ్లు?"

ఇంతిసార్ నేలమీద కూర్చుని చెప్పింది. బస్సు పేజీ నుంచి మొదలుపెట్టి, టిక్కు దాకా, తెర తిప్పిన దాకా. చెప్తూ చెప్తూ ఏడ్చింది. ఆయన మధ్యలో ఒక్క మాటా అడగలేదు. కోపం రాలేదని కాదు, మెడ నరాలు ఉబ్బి కనపడుతూనే ఉన్నాయి. అంతా అయ్యాక లేచి, మేకుకి తగిలించిన కోటు తీసుకుని, జేబులో కారు తాళాలు వెతుక్కున్నాడు.

ఎక్కడికి అని అడిగింది ఇంతిసార్.

"జబల్ అల్-నసర్‌కి. ఆవిడకి ఫోన్ చెయ్యి, పిల్ల బట్టలు సర్దుకోమను" అన్నాడు ఫవ్వాజ్, బూట్లలో కాళ్లు దూరుస్తూ. "పెద్దమనుషుల ముందు నా ఇంట్లో ఉన్నారన్నావు. రాత్రి ఇషా నమాజుకి బాంగు వినపడేలోపల వాళ్లు ఇక్కడ ఉండాలి."